నీళ్ళ ఒడ్డున అడిగితే

లెవ్వు అన్నాడు. మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి, చిక్కుపడ్డ వల మీంచి కళ్ళు కూడా ఎత్తకుండా, లెవ్వు సారూ అన్నాడు సదయ్య. పరాయివాడు కాదు, కనకవ్వకు స్వయానా మరిది, ఆమె చేతి అన్నం తిని పెరిగినవాడు. నీటికుక్కలా, గవ్వి మా తాతల కాలంల ఉండెనట, ఇప్పుడు ఏడియి, అన్నాడు. పక్కనే వల పట్టుకున్న జతగాడు గట్టయ్య కూడా లెవ్వు లెవ్వు అని తల ఊపాడు. వేణుమాధవ్ అనే ఆ సర్వే సారు సరే అని ఫోనులో ఏదో నొక్కుకొని, టోపీ సర్దుకొని, వెంట వచ్చిన అమ్మాయిని తీసుకొని వాగు వెంబడి పైకి నడిచిపోయాడు. అదంతా కనకవ్వ కళ్ళముందే జరిగింది. గోదావరిఖని నుంచి షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కొని, దిగినకాడి నుంచి ఎండలో పడి నడిచి, ఆయాసంతో రేవుకు చేరేసరికి సరిగ్గా ఆ మాటే చెవిన పడింది. ఉన్నయ్ అనడానికి నోరు తెరిచింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. తొడ మీద ఎవరో గట్టిగా గిచ్చినట్టయింది, ఆ గిచ్చిన అత్త మట్టిలో కలిసి ఎంతకాలమైందో. ఇప్పుడు వాళ్ళు కనుచూపు దాటిపోయారు. బండి మాత్రం రేవులోనే ఉంది, డ్రైవరు సీటు వెనక్కి వాల్చి ముఖం మీద తువ్వాల కప్పుకొని పడుకున్నాడు. బండి ఇక్కడుంటే వాళ్ళు ఇటే రావాలి, వస్తారు, రాకుండా ఎట్లా పోతారు, ఒకవేళ అట్నుంచి అటే రోడ్డెక్కి బండిని అక్కడికే పిలిపించుకుంటేనో? ఆ భయం పుట్టగానే కనకవ్వ పోయి బండి ముందు టైరుకు ఆనుకుని రాయి మీద కూర్చుంది. తనను దాటి ఆ బండి ఎట్లా కదులుతుందో చూస్తుంది.

"వదినె, ఎండల గూసున్నవేంది? ఇటు నీడకు రా" అని సదయ్య కేకేశాడు.

"నీ నీడ నీకే ఉండనియ్యి."

"అక్క కోపం మీద ఇయ్యాల చాయ్ మరగవెట్టుకోవచ్చురా" అన్నాడు గట్టయ్య, పళ్ళులేని నోటితో నవ్వుతూ. "పాలు నేను తెస్త తియ్యి."

కనకవ్వ నవ్వలేదు. ఇవాళ సర్వేకు ఆఖరి రోజు. పేపర్లో జిల్లా పేజీ అడుగున చిన్న అక్షరాలతో వేశారు, గోదావరి పరీవాహకంలో ఏ వాగుల్లో ఏ మడుగుల్లో నీటికుక్కలు బతుకుతున్నాయో తిరిగి చూస్తారని, ముఖ్యమైన తావులను గుర్తిస్తారని, గుర్తించిన తావుల జోలికి ఎవరైనా అంత సులువుగా పోలేరని. అంతకు కొన్నాళ్ళ ముందు అదే పేపర్లో ఇంకో మూల ఇంకో వార్త, కొత్త ఓపెన్‌కాస్టు గని కోసం ఈ తుంగవాగును మళ్లిస్తారని, వంపు దగ్గర వాగును మూసేసి వేరే కాలువ తవ్వి సూటిగా గోదావరిలో కలిపేస్తారని. రెండు వార్తలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు గని కాలనీ మొత్తంలో ఎవరున్నారు? బడి ముఖం చూడని కనకవ్వ చూసింది. మొగడు రాయమల్లు గని క్యాంటీన్ నుంచి మిర్చీలు తెచ్చినప్పుడు, చుట్టిన కాగితం మీద నూనె మరకల వెనక మెరిసే అక్షరాలను, కూతురు రమ ఒకటో తరగతి పుస్తకంతో పోల్చుకుంటూ ఒక్కొక్కటే పట్టుకుంది, చేపను మొప్పల కింద వేలు పెట్టి జారకుండా పట్టుకున్నట్టు. తర్వాత కాలనీ లైబ్రరీలో దొరికిందల్లా చదివింది. చదువు వచ్చి ఆమెకు ఏం ఒరిగిందంటే కోపం ఒకటే ఒరిగింది. చదవనినాడు ఏదో జరుగుతోందని గుబులు మాత్రమే ఉండేది, చదవడం వచ్చాక ఏం జరుగుతోందో తెలిసి ఒళ్ళు మండడం మొదలైంది. ఆ గుబులు పోయిందా అంటే అదీ పోలేదు. ఇప్పుడు కూడా, ఇక్కడ కూర్చున్నా, పొద్దున గ్యాసు పొయ్యి మీట తిప్పానా లేదా అని ఒక పురుగు లోపల తొలుస్తూనే ఉంది. తిప్పింది. తిప్పినట్టే గుర్తు. తలుపు గొళ్ళెం వేశాక మళ్ళీ తీసి పోయి చూసింది కదా, అది ఇవాళా నిన్ననా?

నీటికుక్క ఉన్న చోట నీళ్ళు బాగుంటాయని ఏదో పుస్తకంలో చదివింది. ఆ రాసినాయనను చెయ్యి పట్టి తీసుకొచ్చి తుంగవాగు చూపించాలి. ఇవి నీళ్ళా? బొగ్గుదుమ్ము కలిసి, లారీలు కడిగిన మురికి కలిసి, సిరా ఒలికినట్టు పారే వాగు. శివరాత్రి దాటితే ఇసుక తేలాల్సిన వాగు ఏడాది పొడుగునా పారుతోందంటే గనుల్లోంచి మోటార్లతో తోడి పోస్తున్న నీళ్ళ వల్లే. తమ ఊరును మింగింది ఏదో, ఆ ఊరి చివరి మడుగును ఎండకుండా నిలబెట్టిందీ అదే. ఎవరిని తిట్టాలో తేల్చుకోనియ్యదు ఈ నేల, అందుకూ కోపమే. ఆ మడుగులోనే ఉన్నాయి అవి. వంపు దగ్గర, తెల్లమద్ది చెట్టు వేళ్ళు గట్టును చీల్చుకుని నీళ్ళలోకి దిగినచోట, ఆ వేళ్ళ కింది బొరియలో. నెత్తి నీళ్ళలోంచి బోర్లించిన కుండలా పైకొస్తుంది, మీసాలకు నీటి చుక్కలు, చిన్న కళ్ళతో అటూ ఇటూ చూసి ఈల వేసినట్టు కూస్తుంది. వెనక ఇంకొకటి లేస్తుంది. తల్లి పిల్లను మెడకాడ కరిచి పట్టి నీళ్ళలోకి ఈడుస్తుంది, అది గింజుకుంటుంది, కొంచెంసేపటికి అదే నీళ్ళలో గిరగిరా తిరుగుతుంది. తిన్నాక అన్నీ పోయి ఒకే బండ మీద పేడ వేస్తాయి, చేప పొలుసులతో మెరిసిపోతూ, కంపు కొడుతూ. ఆ బండ మీదే ఒకప్పుడు కనకవ్వ బట్టలు ఉతికేది. రేవుపల్లె అనే ఊళ్ళో మిగిలిన ముక్క అదొక్కటే. మిగతా ఊరు, ఇళ్ళు, బడి, పోచమ్మ గద్దె, రమ పుట్టిన అర్ర, అన్నీ ఆ మట్టిగుట్ట కింద ఉన్నాయి. గనిలోంచి తవ్విన మట్టిని లారీలు పోసి పోసి గుట్ట చేశాయి, గుట్ట మీద ఇప్పుడు ముళ్ళచెట్లు మొలిచాయి, కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చూసి నిజం గుట్టే అనుకుంటారు. అప్పుడప్పుడూ కనకవ్వ వంపు దాకా నడిచిపోయి, ఆ బండకు దూరంగా కూర్చుని, ఇక్కడ, అనుకుంటుంది. ఇక్కడ అనడానికి మనిషికి ఒక జాగా కావాలి. రేపు ఆ వంపును కూడా మూసేస్తే ఇక ఏ వైపు వేలు చూపించాలి?

లెవ్వు అన్నాడట, లెవ్వు. నిన్నగాక మొన్న ఇంట్లో కూర్చుని జొన్నరొట్టె తింటూ, వదినె, అల్లుడు వచ్చి మళ్ళ వల చింపిపోయిండే, కొర్రమట్టను నడిమికి కొరికి తలకాయ నాకిడిసిపెట్టిండు, అని పకపకా నవ్వింది ఈ సదయ్యే. అల్లుడు అంటారు నీటికుక్కను. పిలవకుండా వస్తాడు, మంచి ముక్క చూసి తింటాడు, ఒక పని చెయ్యడు, ఒక్కమాట చెప్పకుండా పోతాడు. ఇంట్లో అయితే ఎన్ని కథలైనా చెబుతారు. నీళ్ళ ఒడ్డున మాత్రం చెప్పరు. గంగ బిడ్డలు నీళ్ళ ఒడ్డున నిలబడి ఉన్నదని చెప్పకూడదు. చేపలు పడ్డాయా అంటే ఏం పడలే అనాలి, బుట్ట బరువుకు చెయ్యి లాగుతున్నా ఏమున్నయ్ నాలుగు పరకలు అనాలి. ఉన్నదంటే గంగమ్మ వింటుంది, విన్నది వెనక్కి తీసుకుంటుంది. మెట్టపొలాల ఊరు నుంచి కొత్తకోడలిగా వచ్చిన కనకవ్వకు ఇది తెలియదు. వచ్చిన కొత్తలో, ఇదే వాగు ఒడ్డున, దారినపోయే ముసలాయన ఏం బిడ్డా పడ్డయా అంటే, పొంగిపోయి, మస్తు పడ్డయి తాతా, వాలుగ పడ్డది, ఇంత పొడుగు, అని రెండు చేతులూ చాపి చూపించింది. అత్త తొడ గిచ్చింది. గిచ్చినచోట నల్లగా కమిలింది. ఆ మర్నాడే పెద్దవల మొద్దుకు తగులుకొని నిలువునా చినిగితే ఇంటిల్లిపాదీ ఆమె వైపే చూశారు, ఎవరూ ఏమీ అనలేదు, ఏమన్నా అంటే బాగుండేది. అప్పటినుంచి ఆమెకూ అలవాటైంది. నీళ్ళ దగ్గర నాలుక దానంతట అదే లేదు అంటుంది. పుస్తకాలు చదివినా పోలేదు, ఇందాక చూసుకుంది కదా.

ఆ లేదు ఊరిని తిన్నది. ఇది ఎవరితో చెప్పినా నమ్మరు గానీ, రేవుపల్లెను తిన్నది బొగ్గు కాదు, మా నోళ్ళే అని కనకవ్వకు ఎన్నో రాత్రులు నిద్రపట్టలేదు. ఊరు ఖాళీ చేయించేముందు ఆఫీసర్లు సభ పెట్టారు. ఎక్కడ పెట్టారు? రేవులో. గాలి తగులుతుందని, నీడ ఉందని, వాగు ఒడ్డున ఇసుకలో షామియానా కట్టి, కుర్చీలు వేసి, మైకు పెట్టి. జనం సగం నీళ్ళలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్నారు. ఇక్కడ చేపలమీద బతికేవాళ్ళు ఉన్నారా, చేపలు బాగా పడతాయా, అని ఒకాయన మైకులో అడిగాడు. ఊరి పెద్ద బిక్షం లేచి, తువ్వాల భుజం మీంచి తీసి, ఏం పడుతయి సారూ, ఏం లెవ్వు, అన్నాడు. ఎప్పుడూ అనే మాటే. వెనక అందరూ తలలూపారు, రాయమల్లు కూడా. ఆడవాళ్ళ వరసలో కనకవ్వ, గిది వేరే సంగతి, గిప్పుడు ఉన్నదనాలె, అని లేవబోతే అత్త కొంగు పట్టి లాగింది. చేపల బతుకు లేదని రాసుకున్నారు. ఆ రాసుకున్నాయనకు కళ్ళు లేవా? అతని కుర్చీ వెనకే వలలు ఆరేసి ఉన్నాయి. తెప్పలు బోర్లించి ఉన్నాయి. ఎండుచేపల కంపుకు రుమాలు అడ్డం పెట్టుకునే మాట్లాడాడు. అయినా లేదు అని రాసుకున్నాడు, ఎందుకంటే ఆ లేదు అతనికి కలిసొచ్చింది. తర్వాత మొగవాళ్ళంతా బట్టలు మార్చుకొని ఆఫీసుకు పోయి, ఇది నీళ్ళకు దూరం, ఇప్పుడు చెప్తున్నం, మా బతుకే చేపలు సారూ, అంటే, మీరు చెప్పిందే కదా రాసుకున్నం, అన్నారు. మీరు చెప్పిందే. నీళ్ళతో పనిలేని మనుషులని తేలాక ఒకేచోట ఉంచాల్సిన పనేముంది? ఎక్కడ జాగా దొరికితే అక్కడికి, నలుగురిని ఇటు, నలుగురిని అటు, గింజలు చల్లినట్టు చల్లారు. 

జమునను అటు చల్లారు. పక్కింటి జమున, ఒకే నెలలో ఆ ఊరికి కోడళ్ళయిన ఇద్దరూ, ఒకే బండ మీద బట్టలు ఉతికి, ఒకరి పిల్లకు ఒకరు పాలిచ్చి. జమున వాళ్ళ సామాన్లు ఎక్కిన లారీ గోదావరి దాటి మంచిర్యాల వైపు పోయింది. లారీ మీద మంచం కోడు పట్టుకొని నిలబడి ఏదో అరిచింది, పక్కనే డోజరు గోడను తోస్తోంది, ఆ మోతలో కనకవ్వకు పెదవులు కదలడమే కనిపించింది. ఎంత దూరమని మంచిర్యాల, బ్రిడ్జి దాటితే మంచిర్యాల, బస్సెక్కితే పొద్దెక్కకముందే పోయి చూసి రావచ్చు, రేపు పోదాం, రమ పరీక్షలయినాక పోదాం, ఈయన షిఫ్టు మారినాక పోదాం. పోయేసరికి జమున ఫోటోకు దండ ఉంది. రాయమల్లూ అంతే. జీవితమంతా భూమి లోపల డ్యూటీ చేసి, దిగగానే వల భుజాన వేసుకుని వాగుకు ఉరికినవాడు, వాగుకు దూరమయ్యాక డ్యూటీ దిగి మంచంలో గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఛాతీ పట్టేసి దవాఖానలో పడితే, జర బయట గూసో అవ్వా అని నర్సు పంపింది, బయట బెంచీ మీద కూర్చుంది, లోపలికి రమ్మనేసరికి ముఖం మీదికి దుప్పటి లాగేశారు. అందరూ తనను బయట కూర్చోబెట్టే పోయారు. ఒక్కరు కూడా, పోతున్న కనకా, అని ముఖం చూసి చెప్పి పోలేదు. రమ అయినా ఫోను పెట్టేముందు ఉంటనమ్మా అంటుంది, ఉంటనమ్మా అంటే పోతున్నానని అర్థం, ఆ మాట వినగానే ఈమెకు చెయ్యి చల్లబడుతుంది.

సైరన్ మోగింది. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగుకు ముందు మోగేది. డ్రైవరు ఉలిక్కిపడి లేచి, మళ్ళీ తువ్వాల కప్పుకున్నాడు. సదయ్య, గట్టయ్య ఇద్దరూ నీళ్ళలోంచి చేతులు తీశారు, ఆ సమయంలో నీళ్ళు వణుకుతాయని. కనకవ్వ వాగు పైకి చూసింది, సర్వేవాళ్ళను వంపు దాకా పోనియ్యరు. ఈ వేళప్పుడు ఎర్రజెండా వాచ్‌మెన్ వంపుకు ఇవతలే అడ్డంగా నిలబడతాడు, ఎవరొచ్చినా వెనక్కి కొడతాడు. నీటికుక్కలు అక్కడ ఉన్నదీ అందుకే, మనిషి పోడు కాబట్టి. దడాలున పేలింది. కూర్చున్న రాయి కదిలి అదురు నడుముదాకా పాకింది, వాగు మీద వెయ్యి చుక్కలు ఒక్కసారి లేచి పడ్డట్టు నీళ్ళు చిట్లాయి, గుట్ట వెనక పసుపుపచ్చ దుమ్ము మెల్లగా పైకి లేచింది. ఆ బొరియలో పిల్లలు. ప్రతిరోజూ ఇది వింటూ పెరుగుతున్నాయి. వాటికి ఎవరు చెప్పారు ఇక్కడే ఉండమని, పోరాదా, పోరాదా ఎక్కడికైనా, మనుషులను పొమ్మంటే పోయారు కదా కుక్కిన పేనుల్లా, మీకేం రోగం. వద్దు, పోవద్దు.

ఇప్పుడు వాటి కోసం బండ్లు వస్తున్నాయి, టోపీలు వస్తున్నాయి, అడుగుల ముద్రలు చూస్తారట, పేడ ముట్టుకుని చూస్తారట. రానివ్వండి, మంచిదే. రాయమల్లు అడుగుల ముద్ర ఏ రోజైనా ఎవరైనా చూశారా? జమున ఎక్కడ తిరిగేది, ఏ బండ మీద కూర్చునేది, ఎవరిని విడిచి ఉండలేకపోయేది, అని ఎవరైనా ఒక పూట వచ్చి అడిగారా? అడిగారు, మైకు పెట్టి అడిగారు. ఆ కడుపుమంట నీటికుక్క మీద చూపిస్తే లాభం లేదు, అది కనకవ్వకు తెలుసు. దానికి తెలిసిందల్లా చేప. కానీ మండకుండా ఉండదు.

"సదయ్యా" అంది ఉన్నట్టుండి. "ఎందుకన్నవ్ లెవ్వని?"

సదయ్య వల దులుపుతూ, "నీకు తెల్వదా ఎందుకో" అన్నాడు.

"ఇటు పైకి వచ్చి చెప్పు."

"పైకొచ్చినా అదే చెప్త. ఉన్నయంటే ఏమైతది? చుట్టూ తీగ జాలీ కొడ్తరు, బోర్డు పెడ్తరు, నీళ్ళల్ల కాలు పెట్టనియ్యరు. అల్లునికి పెండ్లి పందిరేస్తరు, మనల్ని బజార్ల నిలవెడ్తరు. నీ పుస్తకాలల్ల గది రాసిలేదా?"

రాసి ఉంది. అలా జరిగిన చోట్ల గురించి కూడా చదివింది. వాడు చెప్పేది అబద్ధం కాదు, అదే మంట. జాలీ కొడితే జాలీ బయట నిలబడి అరవవచ్చు, మూసేసిన వాగు ముందు నిలబడి ఎవరి మీద అరవాలి? ఆ మాట అనేలోపే గట్టయ్య, "అరె, అచ్చిండ్రు" అన్నాడు.

వచ్చారు. సారు ముఖం కందిపోయి ఉంది, టోపీతో విసురుకుంటున్నాడు. ఆ అమ్మాయి, మైత్రి అని పిలుస్తున్నాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి, బూట్లకు నల్లటి బురద. బండికి అడ్డంగా ఉన్న ముసలామెను చూసి, "అమ్మమ్మగారూ, ఇంకా ఎండలోనే కూర్చున్నారేంటండీ, వడదెబ్బ తగులుతుంది" అంది. ఆంధ్రా మాట, తియ్యగా ఉంది, తియ్యగా ఉన్నందుకూ కోపం వచ్చింది.

"వంపు దాకా పోనివ్వలేదు, బ్లాస్టింగ్ అట" అని వేణుమాధవ్ సదయ్యతో అన్నాడు. "అక్కడేమైనా ఉండొచ్చంటావా పెద్దాయనా? ఆఖరిసారి అడుగుతున్న."

సదయ్య మోకాళ్ళలోతు నీళ్ళలో ఉన్నాడు. "లెవ్వు సారూ."

"సరే. ఈ వాగుకు లేవనే రాసెయ్ మైత్రీ. మీరు చెప్పిందే కదా మేం రాసుకునేది."

మీరు చెప్పిందే. కనకవ్వ లేచింది. ఎట్లా లేచిందో ఆమెకే తెలియదు, మోకాలు పట్టేసి ఉండాల్సింది, పట్టెయ్యలేదు. బండి పక్కనుంచి, డ్రైవరు పక్కనుంచి, ఆ అమ్మాయి చాచిన చెయ్యి పక్కనుంచి నడిచి నీళ్ళలోకి దిగింది. చీలమండ తడిసింది, పిక్క తడిసింది, కుచ్చిళ్ళు నీళ్ళ మీద తేలి మునిగాయి. తొడ మీద గిచ్చింది అత్త. గిచ్చనియ్యి. నాలుక పైకి అంటుకుపోయింది. తీసుకుంటావా గంగవ్వా, ఏం తీసుకుంటావు, ఊరు తీసుకున్నావు, మొగణ్ణి తీసుకున్నావు, ఏదీ లేదు లేదన్నదానికే ఇంత తీసుకున్నావు, ఉన్నదంటే ఇంకేం తీసుకుంటావు, చూద్దాం, ఇవాళ అదీ చూద్దాం.

"ఉన్నయ్" అంది.

"వదినె!" సదయ్య చేతిలోంచి వల జారింది. "నీళ్ళల్ల నిలవడి ఏం మాట్లాడుతున్నవ్!"

"నీళ్ళల్లనే మాట్లాడుతున్న. ఇనవడాలనే మాట్లాడుతున్న. ఉన్నయ్ సారూ! తల్లున్నది, తండ్రున్నడు, పిల్లలున్నయ్. మద్దిచెట్టు వేళ్ళకింద ఇల్లున్నది. చేపలున్నయ్. మస్తున్నయ్. మేం తిన్నం, మా పిల్లలు తిన్నరు, చేపలమీదనే బతికినం. ఊరుండె. ఇగో గా గుట్టకింద ఊరుండె. జమున ఉండె, రాయమల్లు ఉండె. రాసుకుంటవా? రాసుకో. గిప్పుడు నేను చెప్పిందే రాసుకో!"

వాగులో ఎక్కడా ఏమీ జరగలేదు. నీళ్ళు ఇందాకటిలాగే నల్లగా, తొందరలేకుండా పోతున్నాయి. వేణుమాధవ్ అయోమయంగా సదయ్య వైపు తిరిగి, "నిజమేనా పెద్దాయనా? ఇప్పటిదాకా నువ్వు..." అన్నాడు.

సదయ్య జారిన వలను చంకలో ఇరికించుకొని నీళ్ళలోంచి బయటికి వచ్చాడు. తడి ఇసుక దాటాడు, బండి టైర్ల జాడ దాటాడు, ఎండిన గడ్డి మొదలైన చోట, కంకర నేల మీద పాదాలు రెండుసార్లు రాసి నీళ్ళు తుడుచుకున్నాడు. "ఇగ ఇక్కడ అడుగు సారూ" అన్నాడు. "అక్కడ అడిగితే మా నాయిన లేచొచ్చి అడిగినా లేదనే అంట. ఇక్కడికొచ్చి అడుగు."

సారు నిలబడ్డచోటే ఉన్నాడు. మైత్రి కదిలింది, గబగబా గట్టెక్కి ఆ కంకర నేల మీద సదయ్య ఎదురుగా నిలబడి, "నీటికుక్కలు ఉన్నాయా బాబాయ్?" అంది.

"ఉన్నయ్ బిడ్డా. గిన్ని రోజులాయె మీరు రాబట్టి, ఒక్కరన్న ఇంటికొచ్చి అడిగిన్రా?"

కనకవ్వ అదంతా వినడానికి ఆగలేదు. వాగులోనే, ఒడ్డు పట్టుకొని, పైకి నడవడం మొదలుపెట్టింది. బ్లాస్టింగ్ అయిపోయిందన్న రెండో సైరన్ మోగింది. వెనక ఎవరో బూట్లు విప్పి నీళ్ళలోకి దిగిన చప్పుడు, ఆగండి అమ్మమ్మగారూ, ఆగండి, అంటూ, ఒడ్డు మీంచి సారు కూడా. ఆగలేదు. ఎర్రజెండా వాచ్‌మెన్ వెళ్ళిపోయి ఉన్నాడు. తుంగను రెండు చేతులతో పాయలు చేసి తోసింది. బండ మీద పేడ ఉంది. తడిగా ఉంది. మైత్రి మోకాళ్ళ మీద వంగి, పుల్లతో కదిపి, పొలుసులు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇవాళ్టిదే సార్" అంది. ఫోటోలు తీసింది, ఫోనులో రాసింది.

"ఏం రాసినవ్? ఇటియ్యి."

అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. చీమలు పాకినట్టు. కనకవ్వకు కళ్ళు మండాయి. "నాకు సదువస్తది. తెలుగుల రాయి."

"ఆఫీసుకు ఇంగ్లీషులోనే..." అని వెనకనుంచి సారు ఏదో అనబోయాడు.

"ఇంగ్లీషుల వాళ్ళకు రాయి. తెలుగుల నాకు రాయి. రెండూ రాయి."

మైత్రి సారు వైపు చూడలేదు. రాసింది. కనకవ్వ ఫోను అందుకుని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టి, ఒక్కొక్క అక్షరం పైకే చదివింది. తుంగవాగు వంపు మడుగు. నీటికుక్కల కుటుంబం ఉన్నది. చదివి, మళ్ళీ చదివి, "పంపు. నా ముందట పంపు" అంది. పంపింది. పోలేదు. గుట్ట అడ్డంగా ఉంది, వంపులో సిగ్నల్ రాదు. రోడ్డుమీదికి పోయాక వెళ్ళిపోతుందండీ, అదే పోతుంది, అని మైత్రి నచ్చజెప్పబోయింది. తర్వాత పోతుందట. రేపు పోదాం, పరీక్షలైనాక పోదాం. కనకవ్వ ఫోను వెనక్కి ఇవ్వలేదు. ఇంకో రెండడుగులు లోపలికి, నడుంలోతుకు దిగి, గుట్టకు పక్కగా ఆకాశం కొంచెం కనిపించేచోట నిలబడి, ఫోనును నెత్తికి పైగా ఎత్తి పట్టుకుంది. ఆ గాజుపలక మీద చిన్న గీత ఒకటి తిరుగుతూనే ఉంది. చెయ్యి దించలేదు.

నీళ్ళు కదిలాయి. వెనక నుంచి సదయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు, అతనికీ నడుం దాకా నీళ్ళు.

"చెయ్యి నొస్తది వదినె. ఇటియ్యి, నేను పట్టుకుంట."

"ఇయ్య. నువ్వు లెవ్వన్నోనివి."

సదయ్య నీళ్ళ వైపు చూశాడు, మద్దిచెట్టు వేళ్ళ వైపు చూశాడు.

"ఉన్నయ్ గాని" అన్నాడు చివరికి, ఆమెకు మాత్రమే వినపడేట్టు, "జర మెల్లగ మాట్లాడు వదినె. పిల్లలున్నయ్ లోపట."